ఎదుటి కిటికీ బుట్ట

మా సందులో పై అంతస్తుల కిటికీల మధ్య తాళ్లు కనిపిస్తాయి. మొదలుపెట్టింది మేమే. నేను చొక్కాలు కుడతాను, ఎదుటి కిటికీలో ఉండే బొత్తాల పిన్ని వాటికి బొత్తాలు కుడుతుంది. మెట్లు ఎక్కి దిగే ఓపిక లేక కప్పీల మీద తాడు వేసి బుట్ట కట్టాం. చొక్కాలు అటు వెళ్లి, బొత్తాలతో ఇటు వచ్చేవి. మమ్మల్ని చూసి అందరూ కట్టుకున్నారు. అప్పట్నుంచి సందులో ఉప్పూ, తాళంచెవులూ, చాడీలూ గాల్లోనే తిరుగుతాయి.

ఆ బుట్ట నాది. పిన్ని తనదంటుంది. మాటా మాటా పెరిగి, ఒకరోజు తాడు కోసేసి, బుట్ట లోపలికి లాక్కుని కిటికీ మూసేసింది. నాకు ఒళ్లు మండింది. ఆవిడ పలకరిస్తే తప్ప పలకకూడదనుకున్నాను.

వరద వస్తోందని సందు గ్రూపులో ముందే మెసేజీలు వచ్చాయి. కింది ఇళ్లవాళ్లను పైవాళ్లు తమ గదుల్లో సర్దుకున్నారు. పిన్ని పక్కింట్లో ఉండే రేడియో మామయ్య సందంతా వినపడేలా చెప్పాడు. "ఫోన్లు ఆగిపోతాయి. తాళ్లు బిగించుకోండి. పొద్దునా సాయంత్రం ఎవరి ఎదుటి కిటికీని వాళ్లు కేకెయ్యండి."

తెల్లారేసరికి సందు ఏరైపోయింది. నీళ్ల మీద పడ్డ ఎండ మా గది పైకప్పు మీద మెల్లగా ఊగుతుంటే, ఇల్లే ఎటో కదిలి వెళుతున్నట్టు ఉంది. ఎవరిదో కుర్చీ తీరిగ్గా షికారు పోతోంది. పైన తాళ్ల మీద బుట్టల్లో కొవ్వొత్తులు, మాత్రలు, పాలపొడి అటూ ఇటూ దాటుతున్నాయి. "ఉన్నారా?" "ఉన్నాం!" అనే కేకలు నీళ్ల మీద సాగి, నిద్రలో ఎవరో పిలుస్తున్నట్టు వినిపించాయి.

మా ఎదుటి కిటికీ మాత్రం తెరుచుకోలేదు.

"పిన్నిని పిలిచావా?" అన్నాడు మా ఆయన.

"ఆవిడే పిలవొచ్చుగా!"

అన్నానే గానీ, సూదిలో దారం ఎక్కితే ఒట్టు. ఆవిడ ఒంటరిది. ఆవిడకి ఎదుటి కిటికీ నేనే. నేను పిలవకపోతే ఇంకెవరూ పిలవరు. ఆ ఆలోచన రాగానే సూది పడేసి కిటికీ దగ్గరికి పరిగెత్తాను.

"పిన్నీ!" అని అరిచాను. మా ఆయన అరిచాడు. అటూ ఇటూ కిటికీలన్నీ అరిచాయి. మూసిన రెక్కల మీద నీటి వెలుగు ఆడుతోంది, అంతే. మా ఆయన చొక్కా విప్పి కిందికి దూకబోయాడు. ఈత రాదు మహానుభావుడికి. పట్టుకుని ఆపాను.

ఏడుపొచ్చింది. ఏడుపు వెంటే కోపమూ వచ్చింది.

"అయితే విను పిన్నీ! ఆ బుట్ట నాదే! మా అమ్మ కొన్నది. నువ్వు కాజేశావు!"

తర్వాత లోపల నేల మీంచి, సన్నగా, తెగిపోతూ ఒక గొంతు.

"ఎవరిదే... బుట్ట?"

సందంతా గొల్లున నవ్వింది. నేను కిటికీ చట్రం పట్టుకుని ఏడుస్తూ నవ్వాను. రేడియో మామయ్య మిద్దె మీదుగా దాటి, తలుపు పగలగొట్టి, కిటికీ తెరిచాడు. పిన్ని కాలు విరిగి నేల మీద పడి ఉంది. అంతమంది పిలుస్తుంటే కల అనుకుందట. నా తిట్టు విన్నాక మెలకువేనని తెలిసిందట.

"స్టూలెక్కి పడిపోయిందమ్మా," మామయ్య కేకేసి చెప్పాడు. "వరదొచ్చేలోపు నీకు తాడు మళ్లీ కట్టాలనుకుందట. బుట్ట ఇంకా చేతిలోనే ఉంది."



నీళ్లు తీశాయి. గోడల మీద బురద చార ఇంకా పోలేదు. తాడు కట్టుకున్నాం, చొక్కాలు వెళ్లి వస్తున్నాయి. రోజూ పొద్దున్నే కిటికీ తీసి, "ఆ బుట్ట నాది," అంటాను.

"కాదు, నాదే," అని అటునుంచి జవాబు వచ్చేదాకా మిషను మీద కాలు పెట్టను.