వదిన కోళ్ల తోలుగుడ్లు

మా ఆయన యోతామ్ అక్క న్యాలుహాంగా నాకు రెండు పెట్టలను మేపుకి ఇచ్చింది. షరతు ఊళ్లో అందరికీ తెలిసిందే. గుడ్డు ఒక్కటి కూడా తినకూడదు, అన్నీ పొదగేయాలి, పిల్లలు దిగితే సగం ఆమెవి, సగం నావి. అంతకు ముందు నాకంటూ ఒక్క కోడి కూడా లేదు. అందుకే ఆ రెండింటినీ నా కూతురు వేజిని కాచుకున్నట్టే కాచుకున్నాను.

తొలి వానలు పడగానే ఊరిపెద్ద కబురు పంపాడు. వేరుశెనగ మొలిచి నిలదొక్కుకునేదాకా ఎవరి కోళ్లను వాళ్లు మూసి ఉంచుకోవాలట. నేను వేరే ఊరినుంచి వచ్చిన కోడలిని. ఎవరి చాళ్లలోనో నా కోడి గింజ ఏరితే మా పుట్టింటి పేరు కూడా ఎత్తుతారు. ఆ పొద్దే గూటి తలుపు తాడుతో బిగించాను. తవుడు లోపలికే, నీళ్లు లోపలికే.

పీడ అప్పుడే మొదలైంది. పెట్టలు పెంకు లేని గుడ్లు పెట్టసాగాయి. ఉత్త తోలు, లోపల సొన. వాటిని అవే పొడుచుకుని తాగేసేవి. పెట్ట కేక విని నేను పరుగెత్తేసరికి గడ్డి తడిగా ఉండేది, పెట్టలు రెండూ ఏమీ ఎరగనట్టు నిలబడి ఉండేవి.

పొరుగింటి న్యామ్సిస్కా బూడిద చల్లమంది, చల్లాను. తవుడులో ఉప్పు కలపమంది, కలిపాను. నీళ్లు ఎక్కువ తాగాయి తప్ప ఏమీ మారలేదు. యోతామ్‌తో చెప్పుకుంటే, "గుడ్డు మెత్తగా ఉంటే నన్నేం చెయ్యమంటావు, నేను పెట్టానా?" అని సరస్సు మీదికి చేపలకి వెళ్లిపోయాడు.

పొదగేసే వేళయిందని ఒకరోజు వదిన వచ్చింది. గూట్లో చెయ్యి పెట్టి చూసింది. వానలకి ముందు పెట్టిన నాలుగు గట్టి గుడ్లే ఉన్నాయి.

"మిగతావేవే?"

"తోలుగుడ్లు పెడుతున్నాయి వదినా. పెట్టగానే అవే తాగేస్తున్నాయి."

"మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ వీటికి ఈ తాగుడు లేదే. నీ దగ్గర నేర్చుకున్నాయా?"

"నిజం వదినా."

"మొన్న క్లినిక్ వాళ్లు తూచినప్పుడు వేజి బరువు పెరిగిందటగా."

నెలల తరబడి ఆ తక్కెడ ముల్లు చూస్తూ నిలబడేదాన్ని. పిల్ల చేతులు పుల్లల్లా ఉన్నాయని నర్సు మందలించని నెల లేదు. ఉసిపా చేపలు ఎండబెట్టి, దంచి, గంజిలో కలిపి, కొసరి కొసరి పెడితే ఈసారి కాస్త ముల్లు కదిలింది. ఆ సంతోషం కూడా నా మీద సాక్ష్యమైపోయింది.

"ఉసిపా పొడి పెడుతున్నాను," అన్నాను.

"పెడుతున్నావులే. ఆదివారం చర్చి అయ్యాక వచ్చి నా కోళ్లు నేను తీసుకుపోతా. పిల్లకి గుడ్లు కావాలంటే అడగాలి, ఇలా కాదు."

ఆమె కోళ్లు తీసుకుపోవడమంటే రెండు పెట్టలు పోవడం ఒక్కటే కాదు. మేపుకి ఇచ్చినవి పిల్లలు దిగకముందే వెనక్కి తీసుకున్నారంటే ఎందుకో ఎవరూ అడగరు. బోరింగు దగ్గర నా బిందె వెనక నిలబడి గుడ్ల దొంగ అనుకుంటారు. రేపు వేజినీ అదే పేరుతో పిలుస్తారు.

ఎలాగైనా ఒక తోలుగుడ్డుని పట్టి చూపించాలనుకున్నాను. శనివారం పొద్దున్నే వేజిని వీపుకి కట్టుకుని గూటి ముందు కూర్చున్నాను. పొయ్యి కూడా ముట్టించలేదు. ఎర్ర పెట్ట లేచిందో లేదో చెయ్యి చాపి గుడ్డు అందుకున్నాను. వెచ్చగా, చిన్నపిల్ల బుగ్గలా వేలికింద నొక్కుకుపోయింది. ఇనప కప్పులో పెట్టుకుని వదిన ఇంటికి బయల్దేరాను.

దారిలో ముసలి గోండ్వే తాత గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆయన్ని పలకరించకుండా దాటితే సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ కలపాలి కాబట్టి కప్పు పక్కన నేల మీద పెట్టాను.

"బాగా తెల్లారిందా న్యాహరా?"

"తెల్లారింది తాతా. మీకూ తెల్లారిందా?"

"మాకూ తెల్లారింది. యోతామ్‌కి?"

"తెల్లారింది."

"మీ పుట్టింటివాళ్లకి?"

"తెల్లారే ఉంటుంది తాతా."

"వానలు అటువైపు ఎలా ఉన్నాయి?"

తల ఎత్తకుండా జవాబులు చెబుతున్నాను. వీపు మీద వేజి ఒక పక్కకి బరువుగా ఒరిగింది. నిద్రపోతోందనుకున్నాను.

"పిల్ల ఏదో తింటోందే," అన్నాడు తాత.

చూసేసరికి దాని చెయ్యి కప్పులో ఉంది. తోలు చిరిగింది. మూతి, గడ్డం, నా భుజం అంతా పచ్చసొన. నడుముకి చుట్టుకున్న చితెంజె గుడ్డ కొంగుతో తుడిచినకొద్దీ ఇంకా పరుచుకుంది. తాత పళ్లు లేని నోటితో నవ్వి, "గుడ్డు మంచిదేలే, పెరుగుతుంది," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంటికి తిరిగిపోదామంటే రేపే ఆదివారం, వదిన కోళ్ల కోసం వచ్చేస్తుంది. పచ్చి గుడ్డు తిన్న పిల్లకి ఏమవుతుందోనని దాని పొట్ట తడుముతూ, అలాగే వదిన వాకిట్లోకి వెళ్లాను.

వదిన వేజి మొహం చూసింది. తరవాత నా మొహం.

"చూపించడానికి తెచ్చావా?" అంది.

ఈసారి మోకాళ్ల మీద కూర్చోవడమూ లేదు, వంగడమూ లేదు. నిలబడే కప్పు ఆమె చేతిలో పెట్టాను. "పెంకు ఎక్కడుందో వెతుకు వదినా."

ఆమె వేళ్లతో తోలు పైకెత్తింది. ఎండకి పట్టింది. అటూ ఇటూ లాగి చూసింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"మూసినప్పటి నుంచి. చెబుతూనే ఉన్నానుగా."

"చెప్పావు. చూపించావా? అసలు ఎన్నాళ్లు మూశావు?"

"ఊరిపెద్ద మూయమన్నప్పటి నుంచి. ఇంకా తియ్యలేదు."

వదిన నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయింది. "పిచ్చిదానా, ఆయన కోళ్లే మా పెరట్లో తిరుగుతున్నాయి. ఎండ లేదు, పురుగు లేదు, ఉత్త తవుడు. పెంకు ఎక్కడినుంచి వస్తుంది, నీ బూడిదలోంచా?"

అయినా నన్నన్న మాట వెనక్కి తీసుకోలేదు. వాకిట్లో ఎండిన సరస్సు గుల్లలు ఒక దోసెడు రోట్లో దంచి, మూట కట్టి ఇచ్చింది. కోళ్లు నా దగ్గరే ఉండనీ, గట్టి గుడ్లు వచ్చాకే పొదగేయమంది. గుమ్మం దాకా వచ్చి, "ఈలోపు తోలువి వస్తే పారెయ్యకు. పొదగడానికి ఎలాగూ పనికిరావు, ఉడికించి పిల్లకి పెట్టు," అంది, ఆ మాట మొదటినుంచీ తనదే అయినట్టు.

సాయంత్రానికి బోరింగు దగ్గర కథ మారిపోయింది. ఇప్పుడు నేను దొంగని కాదు, కోళ్లని పెంచడం తెలియనిదాన్ని. "తలుపు తీశావా న్యాహరా?" అని అడగని మనిషి లేదు. వాళ్లెవరూ మూయలేదు, మూయలేదని నాతో ఎవరూ అనలేదు.

తలుపు తీశాను. పగలంతా కర్ర పట్టుకుని వేరుశెనగ చాళ్ల పక్కన కాపలా కాశాను. వచ్చిన తోలుగుడ్డల్లా వదిన చెప్పినట్టే వేజికి ఉడికించి పెట్టాను. తునక మిగలకుండా కప్పు నాకేది. ఏ పెట్ట కేక వేసినా గూటివైపు వేలు చూపించి గోల చేసేది.

గుల్లలు పనిచేశాయి. తోలుగుడ్లు తగ్గాయి, తరవాత ఆగాయి. ఈ పొద్దు ఎర్ర పెట్ట కేక వేస్తే వేజి నాకంటే ముందే గూటి దగ్గరికి పాకింది. నేను చెయ్యి పెట్టి గుడ్డు తీశాను. మెత్తగా ఉంటే బాగుండునని బొటనవేలితో నొక్కి చూశాను. గట్టిగా ఉంది. పొదుగు బుట్టలో పెట్టి, ఏడుస్తున్న పిల్లని ఎత్తుకున్నాను.