రెండో వరస వయొలిన్

డాక్టరు ముందు పిల్లాడు ఒక్కసారి కూడా దగ్గడు. అదీ వచ్చిన చిక్కు. తెల్లవారితే చాలు ఇల్లు అదిరేలా దగ్గుతాడు, ఆస్పత్రి బల్లమీద కూర్చోబెట్టగానే బోసినోటితో నవ్వుతాడు. "మందు నీకు రాయాలేమోనమ్మా," అని డాక్టరు రెండుసార్లు వేళాకోళమాడాడు. మూడోసారి ఆ మాట పడే ఓపిక లేక, శనివారం పొద్దున మావగారు నడకకి వెళ్ళగానే కోడలు ఆయన టేప్‌రికార్డరు మీద చెయ్యి వేసింది. దగ్గునే పట్టి తీసుకెళ్ళి వినిపిస్తే సరి అనుకుంది.

అందులో అప్పటికే క్యాసెట్టు ఉంది. మిగతావన్నీ బీరువాలో, తాళం ఆయన జేబులో.

మావగారు కుర్రతనంలో హిందీ సినిమా పాటలకి వయొలిన్ వాయించారు. రెండో వరస, చివరి కుర్చీ. ఆ పాటలు ఇప్పటికీ జనం నోళ్ళలో ఆడుతున్నాయి. డిస్కు అట్టమీద సంగీత దర్శకుడి పేరుంటుంది, పాడినవాళ్ళ పేర్లుంటాయి, చివరి కుర్చీ పేరు ఎవరు వేస్తారు? ఆయనకి మిగిలిన సాక్ష్యమల్లా ఈ ఒక్క క్యాసెట్టు. ఒక పాట రిహార్సల్ నాడు ఎవరో రికార్డు చేసినది. సంగీత దర్శకుడు అందర్నీ ఆపి, రెండో వరసని విడిగా వాయించమంటాడు. ఆ తర్వాత మావగారిని పేరుపెట్టి పిలిచి ఒక మాట అంటాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ మావగారు దాన్ని తెలుగులో చెప్పేవారు: "నువ్వు వినపడకూడదు. నువ్వు మానేస్తే మాత్రం తెలిసిపోవాలి."

రోజూ మధ్యాహ్నం మూడింటికి ఆయన అది పెట్టుకునేవారు. గోడకివతల కోడలు పిల్లాణ్ణి జోకొట్టేది. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి, హిందీ ముక్క రాదు. అయినా వినగా వినగా ఆ వయొలిన్ల వరస ఆమెకి పట్టుబడిపోయి, అదే కూనిరాగం తీసేది. పిల్లాడికి వేరే జోలపాట ఉందన్న సంగతే తెలియదు.

రికార్డు మీట కిందికి దిగలేదు. క్యాసెట్టు తీసి చూస్తే వెనక అంచున రెండు చిల్లులు. ఎవరూ చెరపకుండా మావగారే అక్కడి ప్లాస్టిక్ రేకులు విరిచేశారు. పుట్టింట్లో అన్న అలాంటి చిల్లుల్లో కాగితం కుక్కి పాటలెక్కించుకోవడం ఆమె చూసింది. క్యాలెండరు కాగితం చింపి, ఉండచుట్టి రెండింట్లోనూ కుక్కింది. రెండో వైపు ఖాళీ అని ఆయనే ఓసారి అన్నారు. చంకలో పిల్లాడు దగ్గుతో ఎగిరెగిరి పడుతుంటే, అటు తిప్పి ఇటు తిప్పి పెట్టేసింది. మీట దిగింది.

డాక్టరు చెవి ఒగ్గి విన్నాడు. "మామూలు జలుబే. ఇంతోటి దానికి ఈ డబ్బా మోసుకొచ్చావా తల్లీ?" అంటూ మందు రాస్తున్నాడు. దగ్గు ఆగింది. టేపు ఆగలేదు. కుర్చీలు జరిపిన చప్పుడు, ఎవరో గట్టిగా నవ్వడం. అది రిహార్సల్ ముగిసినప్పటి నవ్వు. ఆ మాట అయిన తర్వాత వచ్చే నవ్వు. మాట మాత్రం లేదు, వయొలిన్లూ లేవు. ఖాళీ వైపు కాదు, పాటున్న వైపే చెరిపేసింది; గబుక్కున మీట నొక్కి టేపు ఆపింది.

ఇంటికొచ్చి చిల్లుల్లో కాగితం పీకేసి, ఎక్కడిదక్కడ పెట్టింది. ఆ రోజు మూడింటికి ఆయన టేపు పెట్టుకోలేదు, సాయంత్రం వచ్చే స్నేహితుల కోసం అట్టేపెట్టారు. చెప్పేద్దామని నాలుగుసార్లు ఆయన గది గుమ్మందాకా వెళ్ళింది. ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు.

"డాక్టరేమన్నాడమ్మా?"

"తగ్గిపోతుందన్నాడు మావయ్యా."

"హమ్మయ్య. సాయంత్రం వాణ్ణీ ఎత్తుకురా. తాత గొప్పేంటో వాడూ వింటాడు."

తలూపి వచ్చేసింది.

అయిదింటికి స్నేహితులు ముగ్గురూ వచ్చారు. వాళ్ళలో రికార్డుల మాస్టారని ఒకాయన. ఆ సంగీత దర్శకుడి డిస్కులన్నీ ఆయన దగ్గరున్నాయి, ఆ పాటంటే చెవి కోసుకుంటాడు. "అంతమందిలో నువ్వెక్కడున్నావోయ్, భూతద్దం పెట్టి వినమంటావా?" అని ఏళ్ళ తరబడి మావగారిని ఏడిపిస్తున్నాడు. ఇవాళ ఆ డిస్కూ, దాన్ని తిప్పే యంత్రమూ వెంటతెచ్చాడు, టేపుతో పోల్చి చూస్తాడట.

మావగారు మీట నొక్కి కళ్ళు మూసుకున్నారు.

గదినిండా దగ్గు.

"ఏంటోయ్, మీ సంగీత దర్శకుడికి జలుబు చేసిందా?" అన్నాడు మాస్టారు. మిగతా ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

మావగారు క్యాసెట్టు బయటికి తీశారు. చిల్లులో ఇంకా ఇరుక్కుని ఉన్న కాగితం తునకని గోటితో లాగి, అటూ ఇటూ తిప్పి చూశారు. క్యాలెండరు తేదీ ముక్క. గుమ్మంలో నిలబడ్డ కోడలి వంక చూడలేదు.

"పాత టేపు కదా," అన్నారు. "నేనే ఎప్పుడో తప్పు మీట నొక్కి ఉంటాను. ముసలితనం."

"పోనీలేవోయ్. నువ్వందులో ఉన్నావా లేవా అన్న తగువైనా తీరింది."

ఆ మాట చెంపమీద కొట్టినట్టు తగిలింది, ఆయనకి కాదు, ఆమెకి. పిల్లాణ్ణి గట్టిగా పట్టుకుని గదిలోకి వచ్చింది.

"ఆయన కాదండీ. నేను చెరిపేశాను. చెరపకుండా కట్టుదిట్టం చేసుకున్నదాన్ని, కాగితం కుక్కి మరీ చెరిపాను."

మాస్టారే సర్దుకుని, "అయ్యో, ఫర్వాలేదమ్మా. అందులో ఏముందో ఇప్పుడెవరికి తెలుసు?" అన్నాడు.

"నాకు తెలుసు. ఆ డిస్కు పెట్టండి."

పాట మొదలైంది. పల్లవి అయి, వయొలిన్లు ఎగసిన చోట ఆమె గొంతు విప్పింది. పాట వరస కాదు, దాని అడుగున నడిచే వరస. మొదట్లో గొంతు వణికింది, తర్వాత పాట కిందికి చేరి కుదురుకుంది. చంకలో పిల్లాడు అలవాటుగా కళ్ళు వాల్చాడు. మావగారి వంకరపోయిన ఎడమచేతి వేళ్ళు కుర్చీ చేతిమీద కదిలాయి. ఒకచోట ఆమె మరిచిపోయి ఆగింది. పాట సాగుతూనే ఉంది గాని, ఉన్నట్టుండి బోసిపోయినట్టయింది.

మాస్టారు ముల్లు ఎత్తాడు. "ఇంకోసారి పెడతానమ్మా," అన్నాడు మెల్లగా. మావగారి వంక చూసి తల దించుకున్నాడు.

ఆమె తలా వంగే ఉంది. వరసైతే వచ్చింది. పేరుపెట్టి పిలిచిన ఆ గొంతుని ఎక్కడినుంచి తెస్తుంది?

రాత్రి మావగారు ఏమైనా అంటారేమోనని ఎదురుచూసింది. తిట్టినా బాగుండేది. అన్నం తిని పడుకున్నారు.

మర్నాడు మూడింటికి గోడకవతల నిశ్శబ్దం. ఆమె పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని నోరు మూసుకు కూర్చుంది. ఆ వరస ఎత్తడానికి సిగ్గేసింది. వాడు ఏడుపు లంకించుకున్నాడు.

"అమ్మాయ్," అన్నారు ఆయన అవతలినుంచి. "మూడైంది."

మొహం చెల్లక అక్కడే కూర్చుని, గోడవైపు తిరిగి అందుకుంది.

"కాస్త తగ్గించు," అన్నారు ఆయన. "రెండో వరస వినపడకూడదు."