తొమ్మిది నిమిషాలు

లింగవ్వను మూడో రోజు కూడా వెనక్కి పంపారు. చెన్నూరులో మొదటి బస్సెక్కి వచ్చి సాయంత్రం దాకా బల్ల మీద కూచుంటే, "ఇయ్యాల నీ వరుస రాదవ్వా, రేపు రా" అన్నారు. ఆమెకు గొంతులో క్యాన్సర్. నీళ్లు మింగలేని మనిషికి రేపు రమ్మని చెప్పడం ఎంత తేలికో! ఆ సర్కారు దవాఖానలో ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలిని నేను. ఇదంతా నా కళ్ల ముందే జరిగింది.

మా వైపు క్యాన్సర్ మిషిన్ కింద పడుకోబెట్టడాన్ని కరెంటు పెట్టడం అంటారు. ఆ మాటే మమ్మల్ని తప్పుదారి పట్టించింది.

బీడీలు చుట్టే సత్తవ్వది గర్భసంచి క్యాన్సర్. ఇరవై ఐదు కరెంట్లలో ఇంకా ఆరు మిగిలాయి. మధ్యలో తెగితే గడ్డ మళ్లీ లేస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది.

"మా వదిన క్యాథరిన్‌కు పదకొండేండ్ల కింద గిదే మిషిన్ల రెండే నిమిషాలు పెట్టిండ్రు. నాకు తొమ్మిది పెడ్తుండ్రు. ప్రభువు దయ" అని మురిసిపోయింది సత్తవ్వ.

పక్కనే ఉన్న రోగి, ఖానాపూర్ రైతు రాజం ఎగిరిపడ్డాడు. "దయ గాదు, లో వోల్టేజీ! మా బోరు గూడ గిట్లనే గుంజుతది. గందుకే లింగవ్వ వరుస వస్తలేదు. సబ్‌స్టేషన్ కాడ కూసుందాం పాండ్రి!"

నలభై మందిమి పోయాం. లైన్‌మన్ కైలాసం మీటరు చూపించాడు. "కరెంటు నిండుగున్నదవ్వా. దవాఖానకు మేమెందుకు తక్కువ చేస్తం?" అతను నవ్వలేదు. నవ్వి ఉంటేనే బాగుండేది.

తిరిగొచ్చి మిషిన్ నడిపే ప్రేమ్‌చంద్‌ను చుట్టుముట్టాం. అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"గది కరెంటు గాదు. లోపల కోబాల్టు ఉంటది, గడ్డను కాల్చే కిరణాలు దాంట్లకెంచే వస్తయి. ఐదేండ్లకు దాని బలం సగమైతది, ఇంకో ఐదేండ్లకు సగంల సగం. ఎవ్వరూ మార్చలే. గందుకే రెండు నిమిషాల పనికి తొమ్మిది పడుతున్నది. రోజుకు అరవై మందికి పెట్టేటోన్ని, ఇప్పుడు ముప్పై మందికే పెడుతున్న."

"పైవాళ్లకు తెల్వదా?"

"ఏటా రాస్తనే ఉన్నం."

నాకు ఒళ్లు మండిపోయింది. వరుస కోసం మేం ఒకరినొకరం తోసుకుంటుంటే, పైన కూచున్నవాళ్లు కాగితాల మీద కాగితాలు పేరుస్తున్నారు.

మర్నాడు పెద్దడాక్టరు గది ముందు కూచున్నాం. కొత్త కోబాల్టు తెప్పించాలి, అందాక రెండో షిఫ్టు పెట్టి బయటున్న అందరి పేర్లూ లిస్టులో రాయాలి అన్నాం. ఆయన పోలీసులను పిలిపించాడు.

"లిస్టులో ఉన్నవాళ్లు లోపలికి రండి. మిగతావాళ్లు హైదరాబాద్ పోండి. గొడవ చేస్తే మిషిన్ గదికి తాళం వేస్తాం. సత్తవ్వా!"

సత్తవ్వ లేచింది. ఎవరూ వద్దనలేదు. వద్దనే హక్కు ఎవరికుంది? పో అక్కా, బతుకు అని నేనూ లోలోపల అనుకున్నాను. ఆమె మిషిన్ గది దాకా నడిచి గడపకు అడ్డంగా కూచుంది.

"లింగవ్వ పేరు రాయుండ్రి. రాసినంకనే నన్ను పిలువుండ్రి."

"మధ్యలో ఆపితే చస్తావు!"

"తెల్సు సారూ. నేను లోపలికి పోతే గామె చస్తది. ఇద్దర్ల ఎవరు చావాల్నో నువ్వెట్ల రాస్తవ్?"

"రాజం!" అని పిలిచాడు పెద్దడాక్టరు. రాజం కదల్లేదు. ఆ తర్వాత పిలిచిన ఎవరూ లేవలేదు.

పోలీసులు సత్తవ్వనూ రాజాన్నీ వ్యానెక్కించారు. ఆ రోజు ఆమెకు కరెంటు తప్పింది. మర్నాడూ తప్పింది. అక్క ఏమైపోతుందోనని నాకు భయంగా ఉంది, దాచుకోను.

మూడో రోజు పొద్దున చెన్నూరు బస్సు నిండా మనుషులు దిగారు. రేపు రా అనిపించుకున్నవాళ్లు, వాళ్ల వెంట బీడీ కార్ఖానా ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు. దవాఖాన గేటుకు అడ్డంగా ఎస్సై నిలబడ్డాడు. లింగవ్వ అతని ఎదుటికి పోయి నోరు తెరిచింది.

"సత్తవ్వను తీస్కరాండ్రి."

గాలి తప్ప గొంతు రాలేదు. ఎస్సైకి వినబడలేదు. మేమంతా కలిసి వినిపించాం.