తొమ్మిది నవ్వులు

“అక్కడ నువ్వేం నోరు విప్పక్కర్లేదు. వెనక బెంచీ మీద కూర్చో, చాలు,” అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేస్తున్న చొక్కా కోసం చెయ్యి చాచి. కాలరు ఇంకా నలిగే ఉంది. అది పూర్తిచేసి మరీ ఇచ్చింది.

వినియోగదారుల ఫోరంలో ఆ రోజు వాళ్ల కేసు చివరి విచారణ. కారు కొన్నది ఆమె జీతం మీద తీసుకున్న లోనుతో. కాగితాల మీద పేరు మాత్రం అతనిది. కాబట్టి ఫిర్యాదీ అతను. ఆమె ఫిర్యాదీ భార్య.

ఆమె బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. నలభై కుట్టు మిషన్లు ఒక్కసారే మోగుతున్నా, ఏ మూల మిషన్లో సూది విరగబోతోందో వెనక్కి తిరక్కుండానే చెప్పేస్తుంది. ఇంట్లోనూ అందరి తరఫునా వినే ఉద్యోగం ఆమెదే, కాకపోతే జీతం లేదు. పొంగబోతున్న పాలు, ఎవరో సరిగ్గా కట్టని కుళాయి, పక్కగదిలో మామగారి దగ్గు. ఆమె వింటుంది కాబట్టి మిగతావాళ్లు నిశ్చింతగా ఉండేవారు. అలాంటి మనిషికి, పాత కార్ల షోరూము నుంచి కారు తెచ్చిన మూడో రోజే, రెండో గేరు నుంచి మూడుకి మారేటప్పుడు గరగరమని ఏదో రాపిడి వినిపించింది. ఫోన్లో రికార్డు చేసి భర్తకి పంపింది. ముప్పై రోజుల వారంటీ ఉంది కదా, ఒకసారి చూపించమంది.

అతను దాన్ని షోరూము మేనేజరుకి పంపాడు, కింద ఒక మాట తగిలించి: “మా చెవుల డాక్టరమ్మ కనిపెట్టిన జబ్బు. ఆవిడ చెవులకి కూడా వారంటీ ఇస్తారా?”

మేనేజరూ తక్కువ తినలేదు. “ఆ మోడల్‌కి మా దగ్గర స్పేర్ పార్టులు ఉండవు సార్,” అని జవాబిచ్చాడు.

అంత మంచి జోకు ఒక్కడే నవ్వుకుంటే ఏం బాగుంటుంది? భర్త దాన్ని స్క్రీన్‌షాట్ తీసి కుటుంబం గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికల్లా దాని కింద తొమ్మిది నవ్వు బొమ్మలు. ఆడపడుచుది, తోడికోడలిది, ఆఖరికి కూతురిది కూడా. తొమ్మిదోది ఆమెదే. నొక్కకపోతే ‘మా వదినకి సరదా పడదు’ అంటారని నొక్కింది.

ఆ తర్వాత చెవులు చెప్పింది నోటి దాకా రానివ్వలేదు. పదో రోజుకి రాపిడి ముదిరింది. ఇరవయ్యో రోజుకి కారులో పాటల సౌండు తనే పెంచింది. నలభయ్యో రోజు పొద్దున, భర్తతో కలిసి కూతుర్ని కాలేజీ సీటు ఇంటర్వ్యూకి తీసుకెళ్తుంటే, వీధి మలుపులోనే గేరు ఎముక విరిగినట్టు పలికింది. ఆమె విన్నది. ఆటోలో పోదామా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. హైవే మీద గేర్‌బాక్సు పగిలి కారు ఆగిపోయింది. వాళ్లు కాలేజీ చేరేసరికి గేటు మూసేశారు. పిల్లకి ఏడాది పోయింది. ఆ పాపంలో మేనేజరు వాటా ఎంత, భర్త వాటా ఎంత అని ఎన్నిసార్లు పంచి చూసినా, ఒక ముక్క తన దగ్గరే మిగిలిపోయేది.

విచారణలో మేనేజరు చేతులు కట్టుకుని ఎంతో వినయంగా చెప్పాడు. వారంటీ ముప్పై రోజులు, ఫిర్యాదు అందింది నలభై ఒకటో రోజు, అంతకు ముందు ఒక్క కబురూ లేదు. నిజమేనా అని విచారణాధికారి భర్తని అడిగాడు. భర్త గొంతు సవరించుకుని, నలభయ్యో రోజు దాకా కారు బ్రహ్మాండంగా నడిచిందన్నాడు.

స్క్రీన్‌షాట్ సంగతి ఆమె వారం కిందటే గుర్తుచేసింది. “అది బయటపెట్టి నలుగురిలో నా పరువు తీస్తావా?” అన్నాడతను. తొమ్మిది మంది నవ్విన రోజు పోయింది ఎవరి పరువో అతనికి తట్టనే లేదు.

పక్కన కూతురు గోళ్లు కొరుక్కుంటోంది. ఆమె లేచింది. కూర్చోమని భర్త కళ్లతోనే గదమాయించాడు. ఆమె నడిచి వెళ్లి ఫోను అధికారి బల్ల మీద పెట్టింది.

“మూడో రోజే చెప్పామండి. ఆ చప్పుడు ఇదే.”

గరగర గదంతా వినిపించింది. తర్వాత అధికారి స్క్రీన్‌షాట్‌లోని మాటలు పైకి చదివాడు, గుమాస్తా రాసుకునేందుకు వీలుగా, ఒక్కొక్కటే. చెవుల డాక్టరమ్మ. స్పేర్ పార్టులు. తేదీ. ఈసారి ఎవరూ నవ్వలేదు. మేనేజరు తన జవాబు తనది కాదనలేకపోయాడు.

“ఇది దగ్గర పెట్టుకుని ఇన్నాళ్లూ ఎందుకమ్మా ఊరుకున్నారు?” అన్నాడు అధికారి.

ఆమె కూతురి వైపు ఒకసారి చూసింది. “నేనూ నవ్వానండి,” అంది. “ఆ బొమ్మల్లో ఒకటి నాదే.”

గేర్‌బాక్సు షోరూమే సొంత ఖర్చుతో మార్చాలని తీర్పొచ్చింది. పిల్లకి పోయిన ఏడాది గురించి అందులో ఏమీ లేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో భర్త వాళ్ల చెల్లెలితో ఫోన్లో చెబుతున్నాడు. “ఆ రోజు నేను పంపబట్టే కదా గెలిచాం.” వెనక సీట్లో కూతురు కూర్చుంది. ఆమె గ్రూపు తెరిచి, నెలల వెనక్కి వెళ్లి, తన నవ్వు మీద వేలు పెట్టి తీసేసింది. ఎనిమిది. ఇంత చిన్న పని. ఆ సాయంత్రం అసలు నొక్కకుండా ఉంటే సరిపోయేది.

ఫోను మూసేయబోతుంటే అంకె కదిలింది. ఏడు.

ఆమె వెనక్కి తిరగలేదు. కూతురు ముక్కు ఎగబీల్చిన చప్పుడు, తిరక్కుండానే, విన్నది.