వీధివైపు గది

పాలమనిషి చెంబు దించగానే అక్కయ్యగారు అందులో వేలు ముంచి, ఆ వేలు వెలుతురుకి ఎత్తి చూసేది. పాలు జారిపోతే నీళ్ళు కలిపినట్టు, నిలిస్తే కలపనట్టు. నిలిచినా ఆమెకి మనసు కుదిరేది కాదు. "ఇవాళెందుకు కలపలేదు?" అని నిలదీసేది. ఆ పనయ్యాక వీధివైపు గదిలోకి వెళ్ళి, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, వచ్చేపోయే జనాన్ని పొద్దుగూకేదాకా ఓ కంట కనిపెడుతూ ఉండేది.

ఆమె బారిస్టరుగారి అక్క. అందుకని ఇంట్లోవాళ్ళూ బయటివాళ్ళూ అక్కయ్యగారనే పిలిచేవారు. బారిస్టరేమో తాతలనాటి ఎస్టేటుకి ఒక్కడే వారసుడు. సముద్రాలు దాటివెళ్ళి, లా చదివి, ఉన్నికోటుతో దిగాడు. పెద్ద పెద్ద కంపెనీల కేసులు పడతాడని అందరూ అనుకుంటే, మీటింగు పెట్టుకున్నందుకు జైల్లో వేసిన మిల్లు కూలీ కేసు పట్టాడు, అదీ పైసా తీసుకోకుండా. గెలిచాడు. మర్నాడు తెల్లారేసరికి ఇంట్లో బిలియర్డ్స్ గది లేదు. తలుపు ఉండాల్సిన చోట సున్నం కొట్టిన గోడ ఉంది. ఆ గది ఊరి చివర మిల్లు కూలీ ఇంటికి అతుక్కుని ఉందనీ, పిల్లలంతా బల్లమీద వరసగా పడుకున్నారనీ పాలమనిషి కబురు తెచ్చాడు. ఊడ్చే పని తగ్గిందని వంటమనిషి సంతోషించింది.

అప్పట్నుంచీ అదే వరస. మూయించిన పత్రికని తెరిపిస్తే పుస్తకాల గది పోయింది. సర్కారుని విమర్శించి జైలుకెళ్ళిన మేష్టారిని విడిపిస్తే సంగీతం గది పోయింది. ఉన్నికోటు మోచేతుల దగ్గర చిరిగింది, జుట్టు నెరిసింది. జడ్జీ పదవి ఇస్తామని కబురొస్తే వద్దన్నాడు.

"ఎందుకిస్తామన్నారట?" అని అక్కయ్యగారికి ఒక అనుమానం. "వీడెందుకు వద్దన్నాడట?" అని ఇంకో అనుమానం. జమీందారు బిడ్డ కూలీనాలీ కోసం ఇల్లు పీకి పందిరెయ్యడమేమిటి? పేరు కోసమా, ఎన్నికల్లో నిలబడ్డానికా?

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మావాడు రచ్చ గెలిచినప్పుడల్లా ఇల్లు ఓడిపోతున్నాడు" అనేది గుమాస్తాతో. గుమాస్తా నవ్వితే, ఎందుకు నవ్వాడా అని ఆ పూటంతా ఆలోచించేది.

చివరికి ఆ కోటలాంటి ఇంట్లో హాలూ, వంటిల్లూ, వీధివైపు గదీ మిగిలాయి. బారిస్టరు హాల్లోనే కాగితాల మధ్య మంచం వేసుకునేవాడు. హాలు పోతే క్లయింట్లు కూర్చోడానికి ఉండదు, వంటిల్లు పోతే తిండి ఉండదు. కాబట్టి ఈసారి పోయేది తన గదేనని అక్కయ్యగారు తేల్చుకుంది. ఆమె పుట్టింది ఆ గదిలో. తల్లి పోయిందీ ఆ గదిలోనే. ఇంకెక్కడా ఆమెకి నిద్ర పట్టేది కాదు.

సరిగ్గా అప్పుడే అచ్చాఫీసు పనివాడి కేసు వచ్చింది. సమ్మె కరపత్రాలు అచ్చు వేశాడని పోలీసులు పట్టుకెళ్ళారని అతని భార్య అంటోంది. మేం అసలతన్ని చూడనే లేదని పోలీసులంటున్నారు. మనిషిని కోర్టులో హాజరుపరచమని బారిస్టరు పిటిషన్ వేశాడు. పట్టుకెళ్ళడం చూసిన సాక్షి ఒక్కరు దొరికితే చాలు. ఆ ఒక్కరే దొరకలేదు. వీధిలో షాపులవాళ్ళందరూ ఆ రోజు వేరే దిక్కు చూస్తున్నారట.

అక్కయ్యగారు మాత్రం చూసింది. పట్టపగలు, ఆ కిటికీలోంచి, మొదట్నుంచి చివరిదాకా చూసింది. జీపు కదలగానే కిటికీ మూసేసి గడియ పెట్టింది. అది మళ్ళీ తెరవలేదు.

పుట్టి బుద్ధెరిగాక ఆ కిటికీ మూసి ఉండగా బారిస్టరు చూడలేదు. అన్నం తింటూ రెండుసార్లు అటు చూశాడు. కానీ ఇంట్లోవాళ్ళని ప్రశ్నలడగకూడదన్నది ఆయన నియమం. కోర్టులో నోటితో బతికేవాడు ఇంట్లో నోరు మెదపడు.

"ఏమిటలా చూస్తున్నావు?" అంది అక్కయ్యగారు.

"ఏం లేదక్కా. గాలాడక ఉక్కపోస్తుందేమోనని."

"నాకేం పొయ్యడం లేదు" అంది ఆమె, పైటతో మొహం తుడుచుకుంటూ.

పనివాడి భార్య రోజూ వచ్చి అరుగుమీద కూర్చునేది. బట్టలు కుట్టి బతికే మనిషి. ఖాళీ ఇంట్లో ఇదేం కాజేస్తుందోనని అక్కయ్యగారు తలుపు చాటునుంచి కనిపెట్టింది. ఆవిడ ఏమీ కాజేయలేదు. చూసి చూసి అక్కయ్యగారే బయటికొచ్చింది.

"ఇక్కడ కూర్చుంటే మీ ఆయన ఊడిపడతాడా?"

"ఇంట్లో ఉండలేకపోతున్నానమ్మగారూ" అందావిడ. "స్టేషన్లో లేడంటున్నారు. అచ్చాఫీసువాళ్ళు అలాంటి మనిషెవరూ మా దగ్గర పనిచెయ్యలేదంటున్నారు. షాపులవాళ్ళు మేం చూడలేదంటున్నారు. ఇంతమంది అంటుంటే నాకే అనుమానం పట్టుకుంది. అసలు నాకు మొగుడున్నాడా, నేనే ఊహించుకున్నానా అని."

అక్కయ్యగారు లోకాన్నంతా అనుమానించింది గానీ, తన కళ్ళని తను ఒక్కనాడూ అనుమానించలేదు. ఎదుటి మనిషికి ఆ గతి పట్టించింది మూసుకున్న తన నోరే. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

"ఉన్నాడు" అంది. "నీలం గళ్ళ చొక్కా. కుడిచేతికి సిరా మరకలు. జీపెక్కిస్తుంటే ఒక చెప్పు జారిపోయింది. ఉన్నాడమ్మాయ్, నేను చూశాను."

ఆవిడ అక్కయ్యగారి చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ చెయ్యి విడిపించుకోకుండానే అక్కయ్యగారు హాల్లోకి వెళ్ళి తమ్ముడి ఎదురుగా నిలబడింది.

"ఒరేయ్, నన్ను కోర్టుకి తీసుకెళ్ళు."

బారిస్టరు అక్క మొహంలోకి చూసి, "గది పోతుందక్కా" అన్నాడు.

"నాకు తెలీదనుకున్నావా!"

కోర్టు కిటకిటలాడింది. సర్కారు వకీలు చిరునవ్వుతో లేచాడు.

"అమ్మగారూ, మీరు ఎవర్నీ నమ్మరటగా?"

"నమ్మను."

"పాలమనిషిని, వంటమనిషిని, ఆఖరికి తమ్ముణ్ణి కూడా?"

"వాణ్ణి ముందు."

హాలంతా నవ్వింది. "మరి ఇంత అనుమానపు మనిషిని కోర్టువారెలా నమ్మాలి?"

"నమ్మేవాళ్ళు చూడరు బాబూ, తలూపి వెళ్ళిపోతారు. నేను నమ్మను కాబట్టి చూస్తాను. అతన్ని మెడపట్టి జీపులోకి తోసింది అదిగో, ఆ మూల కూర్చున్న ఇన్‌స్పెక్టరు. అప్పుడు మీసం ఉండేది. నిన్నో మొన్నో తీసినట్టున్నాడు, పైపెదవి ఇంకా తెల్లగానే ఉంది, చూడండి."

అందరూ చూశారు. ఇన్‌స్పెక్టరు చేత్తో మూతి మూసుకున్నాడు. సాయంత్రంలోగా మనిషిని తెచ్చి నిలబెట్టమని జడ్జీ ఉత్తర్వు ఇచ్చాడు. తెచ్చారు. నిలబడలేకపోతే ఇద్దరు పట్టుకున్నారు. భార్య దగ్గరికి వెళ్ళి, ముందు అతని కుడిచెయ్యి తిప్పి సిరా మరకలు చూసుకుంది.

ఆ రాత్రి గుమాస్తా గదిలో సామాను బయటికి మోయించబోయాడు. అక్కయ్యగారు ఒప్పుకోలేదు. "వీటిని మీ చేతికివ్వడమా!" అంది. తలుపు లోపల గడియ పెట్టుకుని తన మంచం మీద తను పడుకుంది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

తెల్లారి కిటికీ తెరిస్తే ఇరుకు సందు. పక్కగదిలో కుట్టుమిషను చప్పుడు. కుట్టుపనావిడ కాఫీ తెచ్చి మంచం పక్కన పెట్టింది, ఎప్పట్నుంచో ఉన్న అలవాటులా. మధ్యాహ్నం బారిస్టరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంటికి పోదాం రా అక్కా. హాల్లో మంచం వేయిస్తాను."

"వెళ్ళి నీ పని చూసుకో" అందామె. "ఈ సందు ఎలాంటిదో ఇంకా తెలీలేదు."

వారం తిరక్కుండా ఒక పొద్దున్న సందు మొదట్లో జీపు ఆగింది. నలుగురు దిగారు. ముందు నడుస్తున్నవాడికి మీసం మళ్ళీ మొలుస్తోంది. లోపల అచ్చాఫీసు పనివాడు గోడ పట్టుకుని నడక నేర్చుకుంటున్నాడు. బూట్ల చప్పుడు విని ఆగిపోయాడు. మిషను ఆగింది.

ఇన్‌స్పెక్టరు గుమ్మం దాకా వచ్చి, పక్కకి తిరిగి కిటికీ చూశాడు. అందులో అక్కయ్యగారిని చూశాడు. ఆమె కుర్చీ ఇంకొంచెం ముందుకి జరుపుకుంది.

"ఎవరికోసం నాయనా?"

అతను టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఎవరికోసమూ కాదండీ. దారి తప్పాం."

"అయితే వెళ్ళండి" అంది అక్కయ్యగారు. జీపు మలుపు తిరిగేదాకా చూసింది. తిరిగాక కూడా, నమ్మకం కుదరక, చాలాసేపు చూస్తూనే ఉంది.