నెమ్మదిగా నడిచేవాళ్ళు

మా ఆయన ముప్పై ఏళ్ళు లారీ నడిపిన మనిషి. గుండె ఆపరేషనయ్యాక డాక్టరమ్మ మందులతో పాటు నడక కూడా రాసింది. రోజూ నడిస్తేనే కోలుకుంటారని మరీ మరీ చెప్పింది. ఆయనా బుద్ధిగా వీధి చివరిదాకా వెళ్ళొస్తున్నాడు. ఇంతలో ఎవరో మహానుభావుడు పేపర్లో రాశాడు, నెమ్మదిగా నడిచేవాళ్ళకు ఆయుష్షు తక్కువని పరిశోధనలో తేలిందట.

అంతే, ఈయన కుర్చీకి అతుక్కుపోయాడు.

“లేవండి, ఎండెక్కుతుంది,” అన్నాను.

“కర్ర పట్టుకున్న ముసలాయన కూడా నన్ను దాటిపోతున్నాడే. ఎలాగూ పోయేవాడికి ఈ ఆయాసం దేనికి?”

నాకు ఒళ్ళు మండింది. బతిమాలాను, అలిగాను, కుర్చీ వదల్లేదు. చేసేదిలేక కుట్టుమిషను ముందు కూర్చున్నాను. ఎవరిదో చొక్కా వదులు చేయాలి. పక్కకుట్టు విప్పుతుంటే ఒక సంగతి తట్టింది. కత్తెర పక్కన పడేసి లేచాను.

“ఏమండీ, బట్టలు వదులు చేయించుకోడానికి నా దగ్గరికొచ్చేవాళ్ళు ఎలా ఉంటారు?”

“లావుగా ఉంటారు. అదేం ప్రశ్న?”

“నేను కుట్లు విప్పబట్టే లావయ్యారంటారా?”

“నీకేమన్నా పిచ్చా? లావయ్యారు కాబట్టి నీ దగ్గరికొచ్చారు.”

“మరి నెమ్మదిగా నడవబట్టి జబ్బొచ్చిందా, జబ్బొచ్చాక నడక తగ్గిందా? ఆ పేపరిటివ్వండి.”

వార్త చివర, ఎవరి కళ్ళూ పడనిచోట రాసే ఉంది. నెమ్మదిగా నడిచినవాళ్ళలో చాలామందికి అప్పటికే జబ్బులున్నాయట. నడకే కారణమని తేలలేదట.

ఆయన రెండుసార్లు చదివాడు. “అయితే నాకూ జబ్బున్నట్టేగా.”

“ఉంది. అందుకేగా ఆపరేషన్ చేయించాం. డాక్టరమ్మ మిమ్మల్ని చూసి నడవమంది. ఈ పేపరాయన మిమ్మల్ని ఎప్పుడు చూశాడు?” అన్నాను. అంతటితో ఊరుకుందామనుకున్నా ఆగలేకపోయాను. “మీరిలా కూర్చుండిపోతే నాకు భయంగా ఉందండీ.”

ఆయన వంగి, మంచం కింద చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

ఆ రోజు నేనూ వెంట వెళ్ళాను. అలవాటు కొద్దీ గబగబా ముందుకు పోతుంటే వెనక నుంచి కేకేశాడు. “ఏమే, కాస్త నెమ్మదిగా నడు. నన్నొదిలేసి ఎక్కడికి?”

ఆగాను. వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. అంతలో కర్ర టకటకమంటూ ఆ ముసలాయన వచ్చాడు. మా ఆయన పక్కకు జరిగి దారిచ్చాడు.

“మీరు పదండి బాబాయ్, మేం వెనకాల వస్తున్నాం.”