ఆట చివర ఒక ఖాళీ వరస

టోక్యోలో ఒక వీడియో ఆటల కంపెనీలో చేరిన కొత్తలో నాగత్సుకా ఇకుయే గళ్ళ కాగితం మీద చుక్కలు నింపి బొమ్మలు గీసేది. పదేళ్ళు తిరిగేసరికి ఒక ఆట మంచిచెడ్డలన్నీ చూసుకునే ప్రొడ్యూసర్ అయింది. ఎన్ని మెట్లెక్కినా ఒక్క అవమానం మాత్రం ఆమె మరిచిపోలేదు.

ఆమె మొదటి ఆట విడుదలైనప్పుడు, ఒసాకాలో టోఫు అమ్ముకునే నాన్న, ఆట గెలిస్తే చివర వచ్చే తయారీదార్ల పేర్లలో కూతురి పేరు చూడాలని పంతం పట్టాడు. ఆటల్లో ఓనమాలు తెలియని మనిషి, మూడు నెలలు కిందా మీదా పడి చివరికంటా ఆడాడు. తీరా అక్కడ ఉన్నవన్నీ మారుపేర్లే. అసలు పేర్లు వేస్తే పోటీ కంపెనీలు మనుషుల్ని ఎగరేసుకుపోతాయని అప్పట్లో అందరికీ భయం. సన్నగా, తెల్లగా ఉంటుందని ఇకుయేకి పెట్టిన పేరు 'ముల్లంగి'.

"నీ పేరేదే? ఈ ముల్లంగి ఎవరు?" అని నాన్న ఫోన్లో అడిగితే ఆమెకు తల కొట్టేసినట్టయింది.

అందుకే ఈసారి విభాగాధిపతి సకమాకి గారి ముందు నిలబడింది.

"మా పంతొమ్మిది మందివీ అసలు పేర్లే వేస్తానండీ."

"దొంగ చేతికి తాళాలిస్తావా? అయినా ఆటని నింపే కార్ట్రిజ్‌లో చోటెక్కడుంది?"

"చోటు నేను చేస్తాను."

అన్నంత పనీ చేసింది. ఆఖరి ఘట్టానికి తాను ఆరు వారాలు గీసిన వెన్నెల సముద్రాన్ని తన చేత్తోనే తీసేసింది. ప్రోగ్రామర్ కువయామా లబోదిబోమన్నాడు.

"నాగత్సుకా గారూ, ఆటకి అందమే అదండీ!"

"అందం సరేనయ్యా. రెండేళ్ళుగా నువ్వేం చేస్తున్నావో మీ అమ్మకి తెలియొద్దూ?"

జాబితా చూసిన సకమాకి మొదట ఉన్న ఇకుయే పేరు కొట్టేశాడు. "మిగతావాళ్ళని వేసుకో. నిన్ను పోగొట్టుకోలేను. నీ పేరుంటే ఎవరి పేరూ ఉండదు."

ఇకుయేకి ఒళ్ళు మండింది. కానీ ఇంకో మాట అంటే పద్దెనిమిది మందికీ దక్కదు.

"సరే. నా వరస ఖాళీగా ఉంచుతాను. ముల్లంగి మాత్రం వద్దు."

ఆట విడుదలైంది. ఈసారి చివరికంటా ఆడి ఫోన్ చేయడానికి నాన్నకు నాలుగు నెలలు పట్టింది.

"పైన ఒక వరస ఖాళీగా ఉందేమే?"

"అది నాదే, నాన్నా."

"అనుకున్నాలే. పేర్లన్నీ కాగితం మీదకి ఎక్కించుకుని, ఆ ఖాళీలో నీ పేరు నేనే రాశా. కొట్లో గోడకి అంటించా."

ఇకుయే కొత్త ఆట కాగితాలు ముందుకు లాక్కుంది.

"వచ్చే ఆటకి నువ్వు రాయక్కర్లేదు నాన్నా. ఆ సకమాకి చేతే వేయిస్తా."